తలుపవతలి వయొలిన్

“అక్కా, వినిపించిందా?” అంది చిట్టి గుసగుసగా.

“ఇంకా గంట కొట్టలేదుగా.”

“పాట కాదు, పక్క గదిలో కుర్చీ జరిపిన చప్పుడు. మేడమ్ వచ్చేసినట్టున్నారు.”

అక్కకి ఏ చప్పుడూ వినిపించలేదు. ఊఁ అని ఊరుకుంది గానీ మూసిన తలుపు వైపు చెవి పెట్టింది.

ఆ బృందంలో అందరికీ ఆమె అక్కే. ఆమెకన్నా పెద్దవాడైన పొడుగాయన కూడా అలాగే పిలుస్తాడు. పగలంతా దుకాణాలకి బోర్డులు రాసి, సాయంత్రం కాగానే ఇక్కడ వాలతాడాయన. వీళ్లంతా బొమ్మలేసేవాళ్లే గానీ చెట్లూ చేమలూ, మనుషుల మొహాలూ వెయ్యరు. విన్న పాటని వేస్తారు. కింది స్వరానికి నీలం, పైకి పోయే కొద్దీ పసుపు. మొదటిసారి చూసినప్పుడు అక్క భర్త, “సున్నాలేసేవాడు చేతులు తుడుచుకున్న గుడ్డలా ఉందే,” అన్నాడు. ఇప్పుడు మాత్రం ఇంకెవరైనా ఆ మాటంటే ఊరుకోడు.

ఈ పద్ధతి పెట్టింది మాస్టారు. వాయించే మనిషి కంటికి కనిపించకూడదంటారాయన. కనిపిస్తే కన్ను పని చేస్తుందట, చెవి బద్ధకిస్తుందట. అందుకే వయొలిన్ మేడమ్ వెనక మెట్ల మీంచి నేరుగా పక్క గదిలోకి వచ్చి కూర్చుంటుంది. మధ్య తలుపు మూసి, దానికి మందపాటి రగ్గు వేలాడదీస్తారు. మాస్టారు గంట కొట్టగానే ఆవిడ మొదలుపెడుతుంది. పాట అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, ఆ తలుపు జోలికి పోకూడదు.

పోయిన వారం మాస్టారు ఉన్నట్టుండి ఒక మాటన్నారు. “మనలో ఎవరికో చెవి మందగించింది. బొమ్మల్లో తెలిసిపోతోంది. వాళ్లంతట వాళ్లు తప్పుకుంటే గౌరవంగా ఉంటుంది.”

ఆ మాట తననే అనుకుని అక్క నిద్రకి దూరమైంది. ఇవాళ పొద్దున్నే ఇంట్లో చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లింది. “సన్నటి శబ్దాలు ముందు పోతాయమ్మా,” అన్నాడాయన. “మాటలు వినిపిస్తూనే ఉంటాయి కాబట్టి చాలామందికి తెలియను కూడా తెలియదు. పరీక్షలు చేస్తే గానీ ఏమీ చెప్పలేను.”

అక్క నాన్న రేడియోలు బాగుచేసేవాడు. ఆయన బల్ల కింద ఆడుకునే వయసు నుంచీ ఆమెకి ప్రతి శబ్దానికీ ఒక రంగు కనిపించేది. ఎవరికి చెప్పినా నవ్వారు. నవ్వకుండా విన్నది మాస్టారొక్కరే. చెవి పోతే పాట ఒక్కటే పోదు, రంగులూ పోతాయి, ఈ గదీ పోతుంది. అదీ ఆమె భయం.

“పెద్ద హాల్లో పెట్టే ప్రదర్శనలో మనకి ఇంకొక్క గోడ మిగిలింది,” అన్నారు మాస్టారు, గంట చేతిలోకి తీసుకుంటూ. “ఇవాళ ఎవరు బాగా వింటే వాళ్లకే ఆ గోడ. బాగా సన్నగా వాయించమని ఆవిడకి చెప్పాను. నిజంగా చెవున్నవాళ్లకే అందుతుంది.”

గంట మోగింది.

అక్క ఊపిరి బిగబట్టింది. ఏమీ లేదు. పొడుగాయన కుంచె గిన్నె అంచుకి తగిలిన చప్పుడు వినిపించింది. కిటికీ రెక్క కిర్రుమనడం వినిపించింది. ఇవన్నీ వినిపిస్తున్నాయే, ఆ ఒక్క వయొలిన్ ఎందుకు వినిపించదు? సన్నటి శబ్దాలే ముందు పోతాయన్న డాక్టరు మాట గుర్తొచ్చింది.

మాస్టారు కళ్లు మూసుకుని మెల్లగా తలూపుతున్నారు. పొడుగాయన నీలం మీద నీలం దట్టిస్తున్నాడు. చిట్టి ఒక క్షణం అటూ ఇటూ చూసి, గబగబా నారింజ రంగు అందుకుంది. ఎవరిని చూసి వెయ్యాలో అక్కకి తోచలేదు. పాత పాటేదైనా గుర్తు తెచ్చుకుని వేసేద్దామా అనుకుంది. పసుపులో ముంచిన కుంచె ఎదురుగా బొమ్మ కోసం బిగించిన తెల్లగుడ్డ దాకా వెళ్లి ఆగిపోయింది. ఇన్నేళ్లలో వినని రంగు ఒక్కటీ వెయ్యలేదు. ఇప్పుడు వేస్తే ఇంతకుముందు వేసినవన్నీ అబద్ధమైపోతాయనిపించింది.

పాట అయిందన్నట్టు మాస్టారు మళ్లీ గంట కొట్టారు.

మాస్టారు పొడుగాయన బొమ్మ చూసి, “భేష్, ఆ లోతు పట్టుకున్నావు,” అన్నారు. చిట్టి బొమ్మ చూసి, “ఆ వేడి నీకందింది,” అన్నారు. “ఇద్దరూ ఒకే పాటని చెరో వైపు నుంచి విన్నారు.”

అక్క ముందు గుడ్డ తెల్లగా ఉంది.

“ఏమైందమ్మా?”

“నాకేమీ వినిపించలేదు మాస్టారూ,” అంది అక్క. “మీరు పోయిన వారం అన్నది నన్నే అయ్యుంటుంది.”

చిట్టి తల దించుకుంది. మాస్టారు నిట్టూర్చారు.

“నిజం చెప్పావు, సంతోషం. కానీ మన పనంతా చెవి మీదే కదమ్మా. నీ కుంచెలు తీసుకెళ్లు. అప్పుడప్పుడూ వచ్చి చూసిపోతూ ఉండు.”

అక్క కుంచెలు కడిగింది. ఒక్కొక్కటీ తుడిచి సంచిలో పెట్టుకుంటుంటే ఏడుపు ఆగలేదు. పొడుగాయన రంగు డబ్బాల మూతలు బిగించే నెపంతో అటు తిరిగాడు.

అప్పుడు రగ్గు కదిలి, మధ్య తలుపు తెరుచుకుంది. వయొలిన్ మేడమ్ భుజాన పెట్టెతో గుమ్మంలో నిలబడింది.

“రామ్మా,” అన్నారు మాస్టారు చేతులు జోడిస్తూ. “ఇన్నాళ్లలో ఇవాళ వాయించినంత బాగా నువ్వెప్పుడూ వాయించలేదు.”

ఆవిడ ఆయన్నీ, తడి ఆరని బొమ్మల్నీ మార్చి మార్చి చూసింది.

“బస్సు చెడిపోయింది మాస్టారూ, ఇప్పుడేగా వస్తున్నాను.”