తొర్ర చూడటానికొచ్చిన తాబేలు

వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రలో గోరింక అద్దెకుంటోంది. వడ్రంగిపిట్ట ఫిర్యాదు మీద కాకుల పంచాయితీ తొర్రలోకి తొంగైనా చూడకుండా, తక్షణం ఖాళీ చెయ్యమని తీర్పిచ్చేసింది. లోపలేమో రెక్కలు రాని పిల్లలు మూడు! గోరింక మడుగులోని తాబేలు కోర్టుకెక్కింది.

"తొర్ర కళ్లారా చూసి చెబుతానమ్మా. అందాకా నిన్నెవరూ కదిలించకూడదు," అని తాబేలు బయల్దేరింది.

రోజుకి పది బారలే నడిచేది. 'ఈ నత్తనడక జడ్జినా నమ్ముకున్నాను!' అని గోరింకకి తిండి సయించలేదు. పై కొమ్మ మీద వడ్రంగిపిట్ట ముక్కు నూరుకుంటూనే ఉంది.

తాబేలు చెట్టు కిందికి చేరిన పొద్దున్నే ఆఖరి పిల్ల ఎగిరిపోయింది.

"ఇంత ఆలస్యమా, అయ్యా!" అని వడ్రంగిపిట్ట మండిపడింది.

"వేళకే వచ్చానే," అంది తాబేలు, ఖాళీ తొర్రకేసి చూస్తూ.

తిరుగుదారిలో మాత్రం అది పొద్దుగూకేలోగా మడుగు చేరింది.