మన జిల్లావాడు కాదు

ఐదంకెలూ కొట్టగానే కంప్యూటర్‌లో గడి ఎర్రబడింది.

"సారీ అండీ, మీ జిప్ కోడ్ మా జిల్లాది కాదు," అని ఫోన్‌లో ఇంగ్లీషులో చెప్పింది ఫెబీ.

ఫ్రిస్కోలో, ఆ జిల్లా నుంచి అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన కాంగ్రెస్‌మన్ గారి ఆఫీసు అది. ఫెబీ అక్కడ సమ్మర్ ఇంటర్న్. కాంగ్రెస్ ఒప్పుకోకుండా ప్రెసిడెంట్ ఈ యుద్ధం సాగించకూడదని ఒక తీర్మానం ఓటింగుకి వస్తోంది. సార్ ఎటు ఓటేస్తారో ఎవరికీ తెలియదు. జనం ఫోన్ చేస్తే పేరు, జిప్, అవునో కాదో రాసుకోవడం ఫెబీ పని. బయటి జిల్లా వాళ్ళని రాసుకోకూడదని రూలు. రూలంటే ఆమెకు బైబిల్ వాక్యమంత గురి.

"ఫెబీ అన్నారు కదా, తెలుగువాళ్ళా?" అవతలి గొంతు తెలుగులోకి దిగింది. "మా అమ్మ చర్చ్‌లో కూడా ఒక ఫెబీ ఉంది. నా పేరు కెన్నీ. యెస్ వోట్ వేయమని సార్‌కి చెప్పండి సిస్టర్."

"మీ మెంబర్‌కి కాల్ చేయండి."

"నా మెంబర్ మీ సారే. ఇల్లు ఫ్రిస్కోలోనే. నేనే ఇప్పుడు అక్కడ లేను."

"మరి ఎక్కడున్నారు?"

"అది ఫోన్‌లో చెప్పకూడదు."

"మన దగ్గర జిప్‌లన్నీ సెవెన్ ఫైవ్‌తో స్టార్ట్ అవుతాయి బ్రదర్. మీది జీరో నైన్."

లైన్ గరగరలాడి తెగిపోయింది.

మర్నాడు మళ్ళీ చేశాడు. మూడో రోజూ చేశాడు.

"ప్లీజ్ సిస్టర్, ఒక్క యెస్ రాసుకోండి. ఇక్కడ ఫోన్ దొరకడమే కష్టం."

ఫెబీ విసుగ్గా పెట్టేసింది.

"అబ్బో, పెద్ద సీక్రెట్ ఏజెంట్!" అని పక్క సీటు ఈషాన్‌తో చెప్పి నవ్వింది.

వాషింగ్టన్ ఫ్లైట్‌కి బయల్దేరుతూ సార్ ఆమె టేబుల్ దగ్గర ఆగారు.

"కాల్స్ అటూ ఇటూ సమానంగానే ఉన్నాయి ఫెబీ. ఒక్క సంగతి చెప్పు. ఆ యుద్ధంలో ఉన్న మన జిల్లా పిల్లలు ఒక్కరైనా అది వద్దన్నారా?"

ఫెబీ లిస్టు పైనుంచి కిందిదాకా చూసింది.

"ఒక్కరూ లేరు సర్."

"వాళ్ళకే లేని అభ్యంతరం నాకెందుకు?"

సార్ కాదని ఓటేశారు. అటు రెండు వందల పదిహేను, ఇటు రెండు వందల పదిహేను. సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే. యుద్ధం సాగింది.

మూడు వారాల తర్వాత ఫెబీకి ఒక సంతాప లేఖ టైప్ చేసే పని పడింది. ఫ్రిస్కోలో ఉండే రత్నరాజు, దేవకుమారి దంపతులకి పంపాలి. ఆఫీసుకి వాళ్ళ ఇల్లు రెండు మైళ్ళే.

మొదటి వాక్యం ఎప్పుడూ ఉండేదే. "మన జిల్లా ముద్దుబిడ్డ," అని కొట్టి, పేరు కోసం కాగితం చూసింది.

సార్జెంట్ కెన్నీ.

కెన్నీలు ఎంతమంది లేరు, అనుకుంది. అయినా కిందిదాకా చదివింది.

కాగితం అడుగున అతని ఆఖరి చిరునామా ఉంది: ఊరి పేరు లేని సైనిక తపాలా, దాని పక్కన సున్నా తొమ్మిదితో మొదలయ్యే ఐదంకెలు, మూడుసార్లూ ఆమె తన చేత్తోనే కొట్టేసినవి.