గడప బయటి బూట్లు

తలుపు తీసేసరికి అభిలాష్ బూట్లలో ఎవరివో కాళ్లున్నాయి.

నల్లా నీళ్లు వస్తయని అనుపమ ఆ రోజు తెల్లారకముందే లేచింది. చేతిలో బకెట్. గడప బయట ఎదురు గది ఇస్హాక్ వంగి లేసులు కట్టుకుంటున్నాడు.

"ఏం చేస్తున్నవ్?"

అరవై ఏళ్ల మనిషి ఉలిక్కిపడి లేచాడు.

"మాఫ్ చెయ్ బేటీ. నమాజుకు పోతున్న..."

"నీ చెప్పులు పక్కనే ఉన్నయి కదా! ఎవరి బూట్లనుకున్నవ్ అవి? తియ్, ముందు కాళ్లు తియ్!"

పోయినేడు బండి మీద పోయిన భర్త అభిలాష్ తిరిగి రాలేదు. ఆస్పత్రిలో ఆమె చేతికిచ్చింది ఆ బూట్లే. అతని వేళ్ల దగ్గర పడ్డ ముడతలు అట్లనే ఉన్నాయని, ఆఖరి రోజు దుమ్ము కూడా తుడవలేదు. దినాలప్పుడు అందరూ ఏడ్చారు, ఆమె ఏడవలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.

అంత ప్రాణమైనవాటిని బయటెందుకు పెట్టిందంటే, అమీర్‌పేటలో ఈ గదికి వచ్చిన రోజే ఇంటి ఓనరు రాజమ్మ చెప్పింది.

"ఒక్కదానివే ఉన్నవని ఎవ్వరికీ తెల్వద్దు బిడ్డా. మొగోని బూట్లు గడప ముందు పెట్టు. అడిగితే మా ఆయన లోపల పండుకున్నడని చెప్పు."

అనుపమ దగ్గర ఉన్న మగవాళ్ల బూట్లు అవొక్కటే.

అరుపులకు కింది గది రాకేశ్, అతని దోస్తులు మెట్లెక్కి వచ్చారు.

"ఏమైందక్కా?"

"మా ఆయన బూట్లు వేసుకున్నడు!"

"సార్ బూట్లు కొట్టేస్తున్నవా తాతా? కొత్తవి కొనుక్కోరాదూ!"

అందరూ నవ్వారు. ఇస్హాక్ ఏదో చెప్పబోయాడు. రాకేశ్ వైపు చూసి నోరు మూసుకున్నాడు.

"తప్పయింది," అన్నాడు అంతే.

బయట పెట్టిన ఇన్ని నెలలకు అనుపమ బూట్లు చేతిలోకి తీసుకుంది. పాత దుమ్ము లేదు. అడుగున కొత్త మట్టి. ముడతలు ఇంకెవరివో అయిపోయాయి. ఇంక అభిలాష్ ఎక్కడా లేడనిపించింది. అప్పుడు కూడా ఏడుపు రాలేదు.

"గిట్లాంటోళ్లు మాకొద్దు. ఖాళీ చెయ్ భాయ్," అంది లొల్లి విని వచ్చిన రాజమ్మ.

ఆ సాయంత్రమే ఇస్హాక్ ట్రంకు పెట్టె మోసుకుంటూ బయల్దేరాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. అనుపమ గది ముందు ఆగాడు.

"తలుపు గట్టిగ వేసుకో బేటీ."

ఎంత పొగరు, అనుకుంది. తలుపు ధడాల్న మూసింది. బూట్లు మాత్రం మళ్లీ బయటే పెట్టక తప్పలేదు.

వారం గడిచింది. పంజాగుట్టలో బట్టల షాపు పని ముగించుకుని వచ్చేసరికి రాకేశ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. దారివ్వలేదు.

"సార్ ఊరికి పోయిండా అక్కా?"

"లేదే. ఎందుకు?"

"మొదట్ల ఆ బూట్లు కదలకపోయేవి. ఉత్తగనే పెట్టినవని మాకు మస్తు డౌట్ ఉండే."

అనుపమ పక్కనుంచి పైకి పోబోయింది. అతను జరగలేదు.

"తర్వాత దినాం పొద్దుగాల మెట్లు దిగుడు, ఎక్కుడు... టక్కు టక్కున బూట్ల చప్పుడు. అబ్బో, సార్ వాకింగ్ పోతుండనుకున్నం. వారం సంది చప్పుడే లేదు."

లేచి ఆమె ముందు నిలబడ్డాడు. ఈసారి అక్కా అనలేదు.

"ఒక్కదానివేనా?"

ఆమె అతన్ని నెట్టుకుని పైకి పరిగెత్తింది. లోపలికి వెళ్లి గడియ పెట్టి, తలుపుకు వీపు ఆనించి కూలబడింది. ఏడాదిగా రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

ఇన్ని నెలలూ గల్లీ అంతా ఆమె భర్తవి అనుకున్న ఆ అడుగులు ఇస్హాక్‌వి.