బొమ్మ పిల్లలకు, చాక్లెట్ చెత్తబుట్టకు

"ఇంకొంచెం పెద్దగా తెరువు తల్లీ. మొసలి తెరిచినట్టు!"

చిట్టి నోరు తెరిచింది. పళ్ళ డాక్టరు లోపలికి చూసి నిట్టూర్చాడు. కిందటిసారి పూడ్చిన పన్ను పక్కనే మరొకటి పుచ్చింది.

"ఏడాదిలో ఇది నాలుగోదమ్మా. ఇంట్లో తీపి మాన్పించమన్నానా?"

"ఒట్టు డాక్టరుగారూ! పంచదార డబ్బా అటకెక్కి ఆర్నెల్లైంది," అంది చిట్టి తల్లి. "దీని పుణ్యమా అని ఇంటిల్లిపాదీ కాఫీ చేదుగా తాగి చస్తున్నాం."

సిస్టరు చిన్న అద్దాన్ని అరచేతిలో వెచ్చబెట్టి డాక్టరుకు అందించింది. చల్లగా తగిలితే పిల్లలు ఉలిక్కిపడతారని, పద్దెనిమిదేళ్ళుగా ఎవరూ చెప్పకుండానే ఆమె చేస్తున్న పని అది.

పన్ను పూడ్చడం అయ్యాక, ఏడవనందుకు బహుమతిగా చిట్టి గాజు సీసాలోంచి ఒక బుల్లి రైలింజను ఏరుకుంది. ఆ బొమ్మలన్నీ చాక్లెట్ గుడ్లలో వచ్చేవి. ఏడేళ్ళ కిందట డాక్టరు క్లినిక్కులో కూర్చుని ఈగలు తోలుకుంటున్న రోజుల్లో ఆయన భార్యకు తట్టిన ఉపాయం. ఆమె వారానికో పెట్టెడు గుడ్లు కొని పంపుతుంది. సిస్టరు వాటిని పగలగొట్టి బొమ్మలు సీసాలో వేస్తుంది. బొమ్మ పిల్లలకు, చాక్లెట్ చెత్తబుట్టకు. డాక్టరు పెట్టిన షరతు అదొక్కటే. పళ్ళ డాక్టరే చాక్లెట్లు పంచితే కంచే చేను మేసినట్టు కాదూ!

ఉపాయం పారింది. ఇప్పుడు సాయంత్రమైతే బయట కుర్చీ దొరకదు.

"గంటసేపు ఏమీ తినకూడదు. సరేనా?" అన్నాడు డాక్టరు.

చిట్టి ముఖం చిన్నబోయింది. "మరి సిస్టరాంటీ మెట్ల దగ్గర పెట్టే చాక్లెట్టో? అది కూడా గంటయ్యాకేనా?"

సిస్టరు ట్రే తీసుకుని సింకు వైపు తిరిగింది. చిట్టి తల్లి ఆమెను ఎగాదిగా చూసి, పిల్లను రెక్క పట్టుకుని విసవిసా వెళ్ళిపోయింది.

బయట మిగిలిన నలుగురినీ చూసి పంపేశాక డాక్టరు సిస్టరు వైపు తిరిగాడు. కోపం వస్తే ఆయన గొంతు పెరగదు, తగ్గుతుంది.

"ఎంతమందికి పెట్టావు?"

"వచ్చినవాళ్ళందరికీ."

"ఎన్నాళ్ళుగా?"

"మొదట్నుంచీ, డాక్టరుగారూ."

"అంటే నేను పొద్దస్తమానం పూడుస్తూ ఉంటే, నువ్వు వెనకనుంచి తవ్వుకుంటూ వచ్చావన్నమాట."

ఆమె బొమ్మల సీసాకు మూత బిగించింది.

"పారెయ్యడానికి మనసొప్పలేదా? అదైనా చెప్పు, నమ్ముతాను." ఆయనకు నిజంగా నమ్మాలనే ఉంది.

"తప్పు నాదే అనుకోండి."

"అనుకోవడమేమిటి? మా అమ్మ మంచాన పడితే చెంచాతో జావ పట్టించిన చెయ్యి నీది. ఆ చేత్తోనేనా ఈ పని? రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆమె కళ్ళు తుడుచుకుని తాళాల గుత్తి బల్ల మీద పెట్టింది. గుమ్మం దాటుతూ, "రేపు పొద్దున్నే ఆ పక్కవీధి తాతగారు కట్టుడు పళ్ళ కోసం వస్తారు. పై అరలో ఉంచాను," అంది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు ఆగి ఆగి వినిపించింది.

డాక్టరు ఇంటికి వచ్చేసరికి భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"సిస్టర్ని మాన్పించేశాను."

"అయ్యో! ఎందుకండీ?"

ఆయన జరిగిందంతా చెప్పాడు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత! పిల్లలు మళ్ళీ మళ్ళీ వస్తుంటే నా హస్తవాసి అనుకుని మురిసిపోయానే! పద్దెనిమిదేళ్ళు నమ్మాను. ఎందుకు చేశావంటే ఒక్క ముక్క చెప్పదు."

"ఏమీ చెప్పలేదా?"

"పెదవి విప్పితే ఒట్టు. వెళ్ళిపోయింది."

భార్య చొక్కా మడత పూర్తిచేసింది. కాలరు సవరించి దొంతర మీద పెట్టింది. మెల్లగా అడిగింది.

"మరి రేపట్నుంచి చాక్లెట్లు ఎవరు పంచుతారండీ?"