బిగిసిన శంఖు గాజు

"ఇక రంపం పెట్టాల్సిందే పిన్నిగారూ," అన్నాడు గాజుల హారాధన్ నిరుపమతో, ఆమె కోడలు శేఫాలి చెయ్యి వదిలేసి. "గాజు పెరగదు, చెయ్యి తరగదు. నేనేం చేసేది?"

సబ్బు నురగ రాసి అరగంట నుంచి లాగుతున్నాడు. శేఫాలి మణికట్టు కందిపోయింది, వేళ్లు తిమ్మిరెక్కాయి. శంఖు గాజు మాత్రం గోరంత కదల్లేదు. ఏడాది కిందట మోచేతి దాకా జారిన గాజే అది.

"రంపం మాటెత్తకు!" అంది శేఫాలి. "ఆయన చీరల మూట వేసుకుని కోల్‌కతా సంతకి వెళ్లారు. మొగుడు దారిలో ఉండగా శంఖం కోయించుకుంటానా?"

అంటూనే అత్తగారి వైపు చూసింది. నిరుపమ కత్తిపీట ముందు కూర్చుని పొట్లకాయలు తరుగుతోంది. ఏకాదశినాడు మంచినీళ్లయినా ముట్టని మనిషి. పంచాంగం చూడందే మగ్గం మీంచి చీర కూడా దించనివ్వదు. ముత్తైదువ చేతి శంఖం పగిలితే మొగుడి ఆయుష్షుకి ముప్పని ఆ ఇంట్లో ఒకరు చెప్పక్కర్లేదు.

"పదిహేను రోజులాగు హారాధన్," అంది శేఫాలి. "చెయ్యే సన్నబడుతుంది. మాత్రలు మానేశాను. ఇవాళ్టికి నాలుగు రోజులు."

పొట్లకాయ తరుగుతున్న చప్పుడు ఆగింది.

"డాక్టరు మానమన్నాడా?" అడిగింది నిరుపమ.

"పురిట్లో మతి చెదిరిందని ఇచ్చిన మందులే కదా అత్తయ్యా! ఇప్పుడు నాకేం? నిద్రపోతున్నాను, పిల్లాడికి పాలిస్తున్నాను, నలుగురిలో నవ్వుతున్నాను. ఆ మాత్రలే నన్నిలా ఉబ్బించేశాయి. ఇరవై కిలోలు! పొద్దున చేపల బజార్లో ఆ టుల్‌టుల్ వాళ్లమ్మ 'అప్పుడే మళ్లీ కడుపా?' అంది అందరి ముందూ. ఖాళీ సంచీతో వచ్చేశాను. అంతెందుకు, మొన్న నేను గడప దాటుతుంటే మీరూ నవ్వారు."

నిరుపమ చేతులు కొంగుకి తుడుచుకుని వంటింట్లోకి వెళ్లి, మసాలా నూరే పొత్రం పట్టుకొచ్చింది.

"చెయ్యి గడప మీద పెట్టు."

"అత్తయ్యా!"

"పెట్టమన్నానా!"

శేఫాలి వెనక్కి లాక్కోబోయింది. నిరుపమ ఆ చేతిని మోకాలి కింద అదిమిపట్టి ఒకే దెబ్బ వేసింది. శంఖం మూడు ముక్కలైంది. హారాధన్ లెంపలేసుకున్నాడు. "కొడుకు బతికుండగా ఇదేం పని పిన్నిగారూ! అయ్యో, అయ్యో!"

"ఇంతకంటే పెద్దది తియ్యి. ఇంకా లావయినా పట్టేది," అంది నిరుపమ. లోపలికెళ్లి మాత్రల అట్టా, గ్లాసుతో నీళ్లూ తెచ్చింది.

శేఫాలి వెక్కుతూ ముక్కలు ఏరుకుంటోంది. "మీ అబ్బాయికేమన్నా అయితే? ఆయన ప్రాణం మీకు లెక్కలేదా?"

నిరుపమ ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడింది. కోడలి నోటికి మాత్ర అందించి, అది గొంతు దిగేదాకా చూసింది.

"మా టుకు, నీ ఆడపడుచు, జ్వరమొచ్చి పోయిందని నీకు చెప్పాం. జ్వరం కాదమ్మా. దానికీ ఇలాంటి మాత్రలే ఇచ్చారు. లావెక్కిపోతోంది, పెళ్లి కాదేమోనని నేనే మాన్పించాను." కోడలి మణికట్టు మీది కందిన చోటుని మెల్లగా నిమిరింది. "నేననుకున్నట్టే సన్నబడిందే శేఫాలీ... గంగలోంచి దాని శవాన్ని ఒక్క మనిషే ఎత్తుకొచ్చేశాడు."