'నకిలీ' అని రాసిన ఫోటో

"ఇది నకిలీ, పెద్దాయనా," అన్నాడు డెనిస్, భూతద్దం బల్ల మీద పెడుతూ.

ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో ఓ చర్చి హాలు. నెలకోసారి అక్కడ పాత యుద్ధపు వస్తువుల సంత జరుగుతుంది.

డెనిస్ హబర్డ్ బల్ల నిండా సంతకాల ఫోటోలే. అన్నీ రెండో ప్రపంచ యుద్ధంలో పతకాలు పొందిన అధికారులవి.

ముప్పై ఏళ్ళు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషి. చేతిరాత విషయంలో తనను ఎవరూ బురిడీ కొట్టించలేరని అతని ధీమా. ఆ ధీమా కాస్త ఎక్కువే.

పెద్దాయన ఎడమచెయ్యి చాపి ఫోటో వెనక్కి తీసుకున్నాడు. వానకోటు కుడిచేతి కొస జేబులోనే ఉంది.

ఫోటోలో మేజర్ ఎడ్విన్ లాంగ్లీ. ఇరవై ఎనిమిదేళ్ళ వాడు, ఛాతీమీద మిలిటరీ క్రాస్ పతకం. కింద వంకరటింకర సంతకం.

"అంత ఖాయంగా ఎలా చెబుతున్నావు నాయనా?"

"అసలుది నా దగ్గరుంది కాబట్టి!"

డెనిస్ బల్ల మధ్యలో అద్దం కట్టించిన ఫోటో చూపించాడు.

"ఇది అమ్మకానికి కాదు. మా నాన్న జో హబర్డ్ ఈయన కింద సిపాయి. ఇటలీలో గాయపడితే ఈయనే భుజాన వేసుకుని నది దాటించారు. లేకపోతే నేనే లేను. నాన్న మళ్ళీ ఆయన్ని చూడనేలేదు."

"అలాగా," అన్నాడు పెద్దాయన మెల్లగా.

"నాన్న సంగతంతా రాసి, పోయినేడు ఆయన ఇంటికి ఫోటో పంపా. తిరుగు కవరు మీద నా చిరునామా నేనే రాసి, స్టాంపు కూడా అంటించా. పెద్దవాళ్ళకి శ్రమ ఉండకూడదని మా పద్ధతి అది. వారంలో వచ్చేసింది. ఆ అక్షరాలు చూడండి, ఎంత గుండ్రంగా, ఎంత నిబ్బరంగా ఉన్నాయో! వీరుడి చెయ్యంటే అదీ!"

పెద్దాయన ఆ సంతకాన్ని చాలాసేపు చూశాడు. ముఖం వెలిగింది.

"నిజమే. చాలా అందమైన చెయ్యి."

పక్కబల్ల మోరీన్ కలగజేసుకుంది. "చాల్లే డెనిస్, నీ పాఠాలు! ఎవరి చేతిలోనో మోసపోయి వచ్చాడు పాపం. ఓ కప్పు టీ అయినా ఇవ్వవయ్యా."

డెనిస్ నొచ్చుకుని టీ, బిస్కట్లు పెట్టాడు.

"ఇంకెవరూ మోసపోకుండా వెనకాల 'నకిలీ' అని రాయనా? సంతకాలు సేకరించే మా వాళ్ళలో అలవాటు."

"రాయి నాయనా, రాయి."

రాశాడు. పెద్దాయన ఎందుకో తెగ ముచ్చటపడిపోతూ ఆ ఫోటో పట్టుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి నెల సంతలో డెనిస్ ఆయన కోసం ఓ కుర్చీ అట్టేపెట్టాడు. ఆయన రాలేదు.

ఆ తర్వాతి వారం ఓ కవరు వచ్చింది.

దాని మీద చిరునామా చూడగానే డెనిస్ గబగబా కవరు చింపాడు. ఆ గుండ్రటి, నిబ్బరమైన అక్షరాలు కళ్ళు మూసుకున్నా పోల్చుకోగలడు.

"మిస్టర్ హబర్డ్, మావారు ఎడ్విన్ పోయిన మంగళవారం కన్నుమూశారు. మీ నాన్నను ఒడ్డు చేర్చి, ఇంకొకరి కోసం మళ్ళీ నదిలోకి దిగినప్పుడు ఆయన కుడిచెయ్యి పోయింది. అప్పట్నుంచీ ఆయన సంతకాలన్నీ నేనే పెడుతున్నాను. జో కొడుక్కి కూడా నా సంతకమే పంపడం తప్పయిందంటూ నెల్లాళ్ళు ఎడమచేత్తో దిద్ది, స్వయంగా మీ దగ్గరికి తెచ్చారు. ఆ మాట చెప్పొచ్చుగా అంటే, 'అతను నీ రాతని అంతలా మెచ్చుకుంటుంటే ఎలా చెప్పను విన్నీ' అని నవ్వారు. మీరంటే ఆయనకి చాలా ఇష్టం కలిగింది. - వినిఫ్రెడ్ లాంగ్లీ."

కవరులో ఆ ఫోటో ఉంది. డెనిస్ దాన్ని వెనక్కి తిప్పాడు.

తాను రాసిన 'నకిలీ' కింద వంకరటింకర అక్షరాలు:

"జో కొడుకువనిపించుకున్నావు నాయనా, ఓసారి వాడు కాపలాలో ఉండగా నేను సంకేతపదం మర్చిపోతే, వాడూ నన్ను నమ్మక గంటసేపు మంచులో నిలబెట్టాడు."