గుమ్మం బయటి చెప్పులు

“ఈ కాలు మీరే పెట్టుకోండి మేడం. నాకు కర్ర చాలు.” శ్యామలమ్మ మోకాలి కింది కృత్రిమ కాలిని ఊడదీసి ఫిజియోథెరపిస్టు వనిత బల్ల మీద పెట్టింది.

పులివెందుల నుంచి ప్రొద్దుటూరు దాకా బస్సులో నిలబడి వచ్చిన మొగుడు ఓబులేసు విసుక్కున్నాడు. “ఈడ బాగనే నడుస్తాది. ఊర్లో తిరిగితే పడతాది. ఉత్త భయం మేడం.”

“భయం కాదు. ఎవురో ఎనకనుంచి తోసినట్టుంటాది.”

ఎన్నిసార్లు సరిచేసినా ఇదే మాట. వనితకూ ఓపిక అయిపోయింది. “ఒక్కసారి తొడుక్కోమ్మా, నడక చూస్తా.”

శ్యామలమ్మ గది చివరిదాకా తిన్నగా నడిచి, తిన్నగా వెనక్కి వచ్చింది.

“చూసినారా మేడం? ఇంగ పా,” అన్నాడు ఓబులేసు, పెండ్లాం వైపు తిరిగి.

ఆమె గుమ్మం బయట గోడ పట్టుకుని చెప్పులు వేసుకుంది. అడుగు వేయగానే మోకాలు ముందుకు వంగి, తూలింది. ఓబులేసు పట్టుకున్నాడు.

వనిత ఆ చెప్పుల ఎత్తు మడమలు చూసింది. తర్వాత తలుపు మీద తను రాయించిన బోర్డు చూసింది: ‘చెప్పులు బయట విడవండి’.

“మడమ ఎత్తయితే ఆ కాలు ముందుకు వాలుతాదమ్మా. నేను రోజూ నిన్ను ఉత్తకాళ్లతోనే నడిపించి సరిచేస్తి. చెప్పులతోనే లోపలికి రా. మళ్లీ బిగిస్తా.”

శ్యామలమ్మ కదల్లేదు. మొగుడి వైపు చూసింది.

“వింటివా మామా? నాది భయం కాదంట.”

ఓబులేసు కింద కూర్చుని, రబ్బరు పాదం నుంచి జారిన చెప్పును మెల్లగా తొడిగాడు, నొప్పి తెలిసే పాదానికి తొడిగినట్టే.